గృహనిర్మాణ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ: ఇందిరమ్మ ఇంటికి భూకంప బీమా



1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూమి కంపించింది. 2024 డిసెంబర్ 4న ములుగు అడవుల్లో 5.3 తీవ్రతతో మళ్లీ కంపించింది. ప్రాణనష్టం లేదు కదా అని ఊరుకోలేం. ప్రమాదం తక్కువని పటంలో చూపిన లాతూరు ప్రాంతంలోనే 1993లో వేలమంది ఇళ్ల కింద నలిగిపోయారు. ఇటుక గోడ కూలితే ఐదు లక్షల సాయానికి అప్పు కలిపి కట్టిన ఇందిరమ్మ ఇల్లు పోయి ఆ అప్పు మాత్రం మిగులుతుంది. 2021 నుంచి అమల్లో ఉన్న ‘భారత్ గృహ రక్ష’ పాలసీ భూకంపంతోపాటు వరదకూ వర్తిస్తుంది. గోదావరి ఒడ్డున ఉన్నవారికి ఆ ఒక్క కారణమే చాలు.

ప్రీమియం భారమంటారా? ఊళ్లవారీగా సామూహిక పాలసీ తీసుకుని ప్రభుత్వమే కట్టాలి. కూలిన ఇళ్లకు తర్వాత ఇచ్చే పరిహారం కన్నా అదే నికరం. ఏజెన్సీలో చాలామందికి పట్టాలు లేవంటారా? మీ శాఖ ఇచ్చే మంజూరు పత్రాన్నే ఆధారంగా అంగీకరించేలా బీమా సంస్థలను ఒప్పించండి. బీమా ఉందని నాసిరకంగా కడతారన్న అనుమానమూ న్యాయమైనదే. అందుకే గోడల దశ బిల్లు చెల్లించే ముందు, ద్వారబంధాల పైన ఇల్లంతా చుట్టివచ్చేలా ఇనుప చువ్వలతో కాంక్రీటు బెల్టు వేశారో లేదో తనిఖీ చేయించండి. బీమా డబ్బు ఇంటిని తిరిగి నిలబెడుతుంది. మనిషిని కాపాడేది ఆ బెల్టే. రెండింటికీ ఒకే జీవో ఇవ్వాలని కోరుతున్నాను.