రికాబు గట్టిగా ఉన్నదా?

ఈ సంచికకు ఏదైనా సాహిత్య వ్యాసం వ్రాసి ఇమ్మని సంపాదక మిత్రులు కోరినారు. నేను మోటారు సైకిలు ఫుట్‌రెస్టును గురించి వ్రాస్తున్నాను. తెలుగు పాఠం చెప్పుకొనేవానికి ఈ గొడవ ఎందుకని కమిటీ పెద్దలు నవ్వుకోవచ్చును. కనుక మాటతోనే మొదలుపెడతాను. గుర్రపు జీనుకు వ్రేలాడే పాదాధారాన్ని తెలుగులో అంకవన్నె అన్నారు, ఉర్దూలో రికాబ్ అన్నారు. ప్రయాణానికి సిద్ధమై నిలిచినవానిని ఉర్దూలో 'పా బ రికాబ్' అంటారు. పాదం మోపిన చోటు నుండే ప్రయాణం మొదలవుతుందని ఆ మాట పుట్టించినవారు ఎరుగుదురు.

మన ఆవరణలో చెట్ల క్రింద నిలిపిన బండ్లను చూడండి. కంపెనీ బిగించిన ఫుట్‌రెస్టులు, గేరు లీవరు, బ్రేకు పెడలు తీసివేసి, తళతళలాడే అల్యూమినియం భాగాలు అమర్చిన బండ్లు ఏటికేడు పెరుగుతున్నవి. యువకుల ముచ్చటను నేను తప్పుపట్టను. మోకాలి నొప్పి వలననో, పొడవాటి కాళ్ళ వలననో నిజంగా మార్పు అవసరమైనవారు కూడ ఉంటారు. నా అభ్యంతరం బిగింపును గురించి.

కొన్నేళ్ళ క్రిందట నేనూ ఒక కొత్త గేరు లీవరు వేయించుకొన్నాను. మా అమ్మను వెనుక కూర్చోబెట్టుకొని తాడ్వాయి నుండి కామారెడ్డికి పోతున్నాను. ముందు మక్కల బస్తాల ట్రాక్టరు. గేరు తగ్గించుదామని కాలు నొక్కితే లీవరు ఊడి రోడ్డు మీద పడింది. బండి నాలుగవ గేరులోనే ఉండిపోయింది. క్లచ్చు పట్టి, బ్రేకు వేసి, ఎట్లో పక్కకు తీసినాను. "ఏమైంది బేటా?" అని అమ్మ అడిగితే "ఏమీ లేదమ్మీ" అన్నాను. అది అబద్ధం.

తరువాత విప్పి చూస్తే కారణం చాల చిన్నది. ఆ ఇరుసు పళ్ళకు అడ్డంగా ఒక గాడి ఉంటుంది. లీవరును లోపలికంటా నెట్టితేనే బిగింపు బోల్టు ఆ గాడిలో కూర్చుంటుంది. నా బండికి సగమే నెట్టి బిగించినారు. బోల్టు గట్టిగానే ఉన్నది, కాని ఉండవలసిన చోట లేదు!

బ్రేకు పెడలు సంగతి ఇంకను గంభీరమైనది. కడ్డీని పట్టి ఉంచే కాటర్ పిన్ను పాతదే వంచి పెట్టరాదు, కొత్తది వేయాలి. పెడలును వెనుకకు లాగే స్ప్రింగు, వెనుక దీపాన్ని వెలిగించే స్విచ్చి మునుపటి వలెనే పనిచేయాలి. పెడలు పూర్తిగా దిగినపుడు సైలెన్సరుకో, ఫుట్‌రెస్టుకో తగులరాదు. స్టాండు మీద నిలిపి, చెప్పులతో కాక బూట్లతో నొక్కి చూడాలి. మరలకు మట్టి, నూనె లేకుండ తుడిచి, ప్రకంపనకు వదలని నైలాక్ నట్టు వాడాలి. కంపెనీ పుస్తకం చెప్పిన బిగువును టార్క్ పానాతో కొలిచి బిగించాలి. మోచేతి బలం కొలత కాదు. బిగించిన పిదప నట్టు మీదుగా రంగుతో ఒక గీత గీస్తే, అది కదలిన నాడు కంటికి కనబడుతుంది. వంద కిలోమీటర్లు తిరిగినాక మరల చూడాలి.

చట్టం సంగతి కూడ చెప్పవలసి ఉన్నది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. 2019 సవరణ తరువాత అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు అయిదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. వెనుక కూర్చునేవారికి పట్టుకొనే పిడి, పాదాధారం ఉండాలని 1989 నియమాలలోని 123వ నియమం. అందగించడానికని వెనుక ఫుట్‌రెస్టులను ఊడబెరికేవారు ఆ చోట తమ తల్లో చెల్లెలో కూర్చుంటుందని తలచుకోవడం లేదు.

నిజానికి దోషం కుర్రవాళ్ళది మాత్రమే కాదు. పానా పట్టడం డిగ్రీ చదివేవారి పని కాదన్న భావం మన ఇళ్ళలోనే ఉన్నది. బడి ముఖం చూడని మెకానిక్కు పిల్లవాడు ఎరిగినదాన్ని మన బి.ఎస్సీ. విద్యార్థి ఎరుగడు. భౌతికశాస్త్రంలో టార్కు నిర్వచనం మాత్రం అప్పజెప్పగలడు.

అందుచేత కమిటీ వారికి ఒక విన్నపం. పట్టణంలోని అనుభవజ్ఞుడైన ఒక మెకానిక్కును గౌరవంగా పిలిచి, కుర్చీ వేసి, ఒక శనివారం మధ్యాహ్నం విద్యార్థులకు బిగింపు నేర్పించండి. ఒక మంచి టార్క్ పానా కళాశాలకు కొనండి. దాని ఖర్చు వార్షికోత్సవపు షామియానా కిరాయి కంటె ఎక్కువ కాబోదు. ఆ రోజు మొదటి బండిగా నా బండినే తెస్తాను. దాని ఎడమ ఫుట్‌రెస్టు మీద నాకు కొంత అనుమానంగా ఉన్నది.