మా మాట ఎవరి పెట్టెలో?

తూంకుంటలో మా సమావేశాలకొచ్చే స్త్రీలు తమ స్పందనలు ఫోన్లోనే రాసి పంపుతున్నారు. వాటిని ఓ కంపెనీ ఉచితంగా దాచిపెడుతోందని సంతోషించాం. పేర్లూ, ఫోన్ నంబర్లూ కూడా దాని దగ్గరే! మొగుడి దెబ్బల గురించి రాసినామె ఊరు ఎవరికి తెలియాలో ఆమే కదా నిర్ణయించాలి?

జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత స్త్రీలు అనుమతి రాకపోయినా ఏళ్ల తరబడి తమ గొంతులు టేపుల కెక్కించి సంఘాల్లో వినిపించారు. 2008లో సంఘం రేడియో ప్రసారాలు మొదలుపెట్టారు. మనమూ సొంత కంప్యూటరు పెట్టుకోవచ్చు. ‘ఇస్సో’ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ స్పందనలన్నీ ఒకే ఫైలులో ఉంచుతుంది. ఆ ఫైలుకు నకలు తీయడం, పాస్‌వర్డు కాపాడడం, రాసినామె అడిగితే చెరిపేయడం ఇక మన బాధ్యతే. విసుగు పుట్టించే పని. దాన్ని ఎవరో ఒక్క అమ్మాయి నెత్తిన చాకిరీగా రుద్దకుండా, ఈ ఏడాది పద్దులో జీతం రాయమని అడుగుతున్నాను.