బోగీ కేటాయిస్తే సరిపోతుందా?

2017 నవంబరు 14న ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో పట్టణ రైలు దిగిన ఒక యువతి కళ్ళు తిరిగి రెండు బోగీల మధ్య సందులో పడిపోయింది. ఆమె చేయి తెగిపోయింది. అక్కడే ఉన్న ఒక వైద్య విద్యార్థిని వెంటనే ఆదుకోబట్టి డాక్టర్లు ఆ చేతిని తిరిగి అతికించగలిగారు. రెండు రోజులకి అదే లైనులో నడుస్తున్న రైలు నుంచి ఒక బోగీ ఊడిపోయింది. నూట నలభై మంది దాకా ప్రయాణికులు పట్టాల వెంట నడిచి స్టేషను చేరుకున్నారు.

కళ్ళు తిరగడం ఆమె దురదృష్టం అనుకుందాం. పడినా ప్రాణం మీదకు రాకుండా చూడటం మాత్రం రైలు నడిపేవాళ్ళ పని కాదా?

ఎమ్మార్టీ-3 అనే ఈ తేలికపాటి రైలు 1999లో మొదలైంది. 16.9 కిలోమీటర్లు, 13 స్టేషన్లు. రోజుకి మూడున్నర లక్షల మంది కోసం కట్టిన లైనులో 2012 నాటికి అయిదు లక్షల మందికి పైగా ఎక్కేవారు. షాపుల్లో, ఆఫీసుల్లో పనిచేసే ఆడవాళ్ళు పొద్దున్నే రోడ్డు దాకా సాగిన క్యూల్లో నిలబడేవారు. రైలు ఆలస్యమైతే మగవాడికి పోయేది పూట జీతం. ఆమెకి దానితో పాటు ఇంట్లో పిల్లలు, పొయ్యి కూడా ఎదురుచూస్తుంటాయి.

మొదటి బోగీలో ఆడవాళ్ళకి, గర్భిణులకి, వృద్ధులకి, వికలాంగులకి చోటు కేటాయించారు. మంచిదే. మనమూ అలాంటివాటి కోసం పోరాడినవాళ్ళమే. కానీ బోగీయే ఊడిపోయే రైల్లో ఆ కేటాయింపు ఏపాటి రక్షణ?

బళ్ళు పాతబడ్డాయి కాబట్టి ఇలా జరిగిందనే మాట అధికారులకి సుఖంగా ఉంటుంది. మొదటి నుంచి మరమ్మతులు చూసిన జపాను సంస్థ 2012లో తప్పుకుంది. తర్వాత ఆ పని కాంట్రాక్టర్ల చేతులు మారుతూ పోయింది. 2014 ఆగస్టులో ఒక రైలు చివరి స్టేషనులో ఆగకుండా రోడ్డు మీదకి దూసుకొచ్చింది. వేగాన్ని గంటకి 30 కిలోమీటర్లకి తగ్గించుకోవాల్సి వచ్చింది. 2017 నాటికే చేరిన 48 చైనా బోగీలు చాలా మటుకు ఏళ్ళ తరబడి షెడ్డులో పడి ఉన్నాయి. 2025 జూలైలో గానీ వాటిలో కొన్నిటిని నడపలేదు. 2019లో ఆ జపాను సంస్థనే మళ్ళీ పిలిచి పాత బోగీలు 72టినీ విప్పి బాగుచేయించారు. 2020 చివరికి వేగం 60కి పెరిగింది. అవే బోగీలు!

మహిళా బోగీల కోసం వినతిపత్రం ఇచ్చేటప్పుడు మన సంఘాలు మరో రెండు వివరాలు కూడా అడగాలి: మరమ్మతుల కాంట్రాక్టు ఎవరికి, ఎన్నేళ్ళకి ఇచ్చారు? కిందటి ఏడాది ఎన్ని రైళ్ళు దారి మధ్యలో ఆగిపోయాయి? సమాచార హక్కు చట్టం 2005 నుంచీ మన చేతిలో ఉంది.