ఆఖరి మాట ఎవరిది? ఐపీఎల్ ‘రైట్ టు మ్యాచ్’ నుంచి గల్ఫ్ ‘రిలీజ్’ దాకా

తంగళ్ళపల్లి (రాజన్న సిరిసిల్ల): 2024 నవంబర్ 24న సౌదీ అరేబియాలోని జెద్దాలో ఐపీఎల్ మెగా వేలం మొదలైంది. మొట్టమొదట వచ్చిన పేరు పేస్ బౌలర్ అర్ష్‌దీప్ సింగ్. 2 కోట్ల కనీస ధరతో మొదలైన పాట పెరుగుతూ పోయి సన్‌రైజర్స్ హైదరాబాద్ చెప్పిన 15.75 కోట్ల దగ్గర ఆగింది. మామూలుగా అయితే అక్కడితో కథ అయిపోవాలి. కానీ పాత టీమ్ పంజాబ్ కింగ్స్ ‘రైట్ టు మ్యాచ్’ కార్డు బయటకు తీసింది. హైదరాబాద్ ధరను ఒక్కసారే 18 కోట్లకు పెంచింది. పంజాబ్ సరే అన్నది. అర్ష్‌దీప్ పాత టీమ్‌కే పోయాడు.

పాట పాడింది హైదరాబాద్. ధర తేల్చింది హైదరాబాద్. ఆటగాడు మాత్రం పంజాబ్‌కు దక్కాడు. ఇదెక్కడి లెక్క అని క్రికెట్ చూసేవాళ్ళు అప్పుడు అడిగారు. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల వైపు నుంచి గల్ఫ్‌కు పోయొచ్చినవాళ్ళకు మాత్రం ఈ లెక్క కొత్తేమీ కాదు. కొత్త కంపెనీ ఎక్కువ జీతం ఇస్తానన్నా, పాత కంపెనీ సంతకం లేకుండా కదలలేని రోజులు వాళ్ళు చూసినవే. రెండు చోట్లా అసలు ప్రశ్న ఒకటే. ఆఖరి మాట ఎవరి చేతిలో ఉంది?

కార్డు ఎట్లా పనిచేస్తుంది

రైట్ టు మ్యాచ్ అంటే పాత టీమ్‌కు ఉండే మొదటి హక్కు. వేలంలో వేరే టీమ్ పాడిన అత్యధిక ధరకే ఆటగాడిని వెనక్కి తీసుకోవచ్చు. 2024 వేలానికి ముందు ఇందులో ఒక మెలిక పెట్టారు. పాత టీమ్ కార్డు వాడతానన్నాక, పాట గెలిచిన టీమ్‌కు ధర ఇంకొక్కసారి పెంచే అవకాశం ఇచ్చారు. ఎంత పెంచాలన్నది వాళ్ళ ఇష్టం. ఆ కొత్త ధర కట్టగలిగితేనే పాత టీమ్‌కు ఆటగాడు.

ఈ చిన్న మార్పు ఆటగాళ్ళ జేబులో ఎంత వేసిందో చూడండి. అర్ష్‌దీప్‌కు 2.25 కోట్లు పెరిగాయి. రిషభ్ పంత్‌కు లక్నో 20.75 కోట్లు పాడింది. ఢిల్లీ కార్డు తీయగానే లక్నో 27 కోట్లు అన్నది. ఢిల్లీ వెనక్కి తగ్గింది. పాత నిబంధనే ఉంటే పంత్ 20.75 కోట్లకే ఢిల్లీకి పోయేవాడు. ఒక్క మాటతో 6.25 కోట్ల తేడా.

అయితే పెంచేవాళ్ళకు ఇది ఉత్త మాట కాదు. అర్ష్‌దీప్ పేరు వచ్చినప్పుడు హైదరాబాద్ దగ్గరున్నది 45 కోట్లే. పంజాబ్ దగ్గర 110.5 కోట్లు. పంజాబ్ వద్దని ఉంటే హైదరాబాద్ డబ్బులో 40 శాతం ఒక్క ఆటగాడికే పోయేది. మిగిలే 27 కోట్లలో ఆ తర్వాత కొన్న ఇషాన్ కిషన్ (11.25 కోట్లు), మహ్మద్ షమీ (10 కోట్లు), హర్షల్ పటేల్ (8 కోట్లు) ముగ్గురూ అవే ధరలకు వచ్చేవాళ్ళు కాదు. ఎదుటివాడి ఖర్చు పెంచుదామని పోతే మన నెత్తిమీదికే రావచ్చు. అందుకే నిజంగా కావాలనుకునే ధర వరకే పెంచడం ఈ ఆటలో మొదటి పాఠం.

హైదరాబాద్ పోగొట్టుకున్నదేంది?

కార్డు ఊరికే రాదు. ఒక్కో టీమ్ ముందే ఉంచుకునేవాళ్ళు, కార్డుతో వెనక్కి తెచ్చుకునేవాళ్ళు కలిపి ఆరుగురే. అందులో దేశం తరఫున ఆడినవాళ్ళు ఐదుగురికి మించొద్దు. హైదరాబాద్ క్లాసెన్, కమిన్స్, అభిషేక్ శర్మ, హెడ్, నితీష్ కుమార్ రెడ్డి ఐదుగురినీ వేలానికి ముందే ఉంచుకుంది. మిగిలిన ఒక్క కార్డు దేశానికి ఆడని ఆటగాడికే పనికొస్తుంది. దాంతో భువనేశ్వర్ కుమార్ బెంగళూరుకు, నటరాజన్ ఢిల్లీకి చెరో 10.75 కోట్లకు పోతుంటే చూస్తూ కూర్చోవాల్సి వచ్చింది. ఐదుగురిని ఖాయం చేసుకున్నందుకు హైదరాబాద్ కట్టిన అసలు ధర ఇది.

హక్కు ఉండి వాడనివాళ్ళ సంగతికి హైదరాబాదీ మహ్మద్ సిరాజే ఉదాహరణ. ఆటో డ్రైవర్ కొడుకుగా మొదలై 2017లో సన్‌రైజర్స్‌కు, 2018 నుంచి బెంగళూరుకు ఆడాడు. 2024 వేలంలో గుజరాత్ 12.25 కోట్లు పాడింది. బెంగళూరు చేతిలో కార్డులున్నా తీయలేదు. 2025 ఏప్రిల్ 2న బెంగళూరు సొంత మైదానంలోనే సిరాజ్ గుజరాత్ తరఫున 19 పరుగులకు 3 వికెట్లు తీశాడు. ఆ సీజన్ కప్పు మాత్రం బెంగళూరే గెలిచింది. కాబట్టి ఎవరి లెక్క తప్పని తేల్చడం కష్టం. సిరాజ్‌కు జరిగింది మాత్రం స్పష్టం. పాత యజమాని అడ్డు రాలేదు, మార్కెట్ ధర పూర్తిగా దక్కింది.

అమెరికాలో ‘విషపు గోలీ’

ఈ పద్ధతి క్రికెట్‌లో పుట్టింది కాదు. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మూడు సీజన్లు ఆడి కాంట్రాక్ట్ అయిపోయిన ఆటగాడిని ‘రిస్ట్రిక్టెడ్ ఫ్రీ ఏజెంట్’ అంటారు. పేరుకు ఫ్రీ, కాలికి తాడు ఉంటుంది. వేరే టీమ్ ఆఫర్ రాసిస్తే, పాత టీమ్‌కు ఐదు రోజుల గడువు. అదే ఆఫర్ ఇచ్చి ఆపుకోవచ్చు.

దీన్ని దాటడానికి లాయర్లు ‘పాయిజన్ పిల్’ కనిపెట్టారు. 2006లో సియాటిల్ టీమ్ ఇలాంటి మ్యాచింగ్ హక్కే పెట్టుకున్న స్టీవ్ హచిన్సన్‌కు మిన్నెసోటా టీమ్ ఏడేళ్ళకు 4.9 కోట్ల డాలర్ల ఆఫర్ ఇచ్చింది. అందులో ఒక షరతు: తన విభాగంలో టీమ్‌లో అతనిదే అందరికంటే ఎక్కువ జీతం కాకపోతే మొత్తం డబ్బు గ్యారంటీ కావాలి. సియాటిల్‌లో అప్పటికే అంతకంటే ఎక్కువ జీతగాడు ఉన్నాడు. మిన్నెసోటాలో లేడు. కాగితం మీద ఆఫర్ ఒకటే, కట్టాల్సిన భారం మాత్రం పాత టీమ్‌కే. సియాటిల్ చేతులెత్తేసింది. వెంటనే బదులు తీర్చుకుంది. మిన్నెసోటా ఆటగాడు నేట్ బర్లెసన్‌కు అదే 4.9 కోట్ల డాలర్ల ఆఫర్ రాసి, ఒక సీజన్‌లో మిన్నెసోటా రాష్ట్రంలో ఐదు మ్యాచ్‌లు ఆడితే మొత్తం గ్యారంటీ అని పెట్టింది. 2011 ఒప్పందంలో ఇలాంటి షరతులను నిషేధించారు.

ఆ తర్వాత అక్కడ ఇలాంటి ఆటగాళ్ళకు బయటి ఆఫర్లు రావడమే చాలా అరుదు. కారణం సులువే. బేరమాడి, ధర తేల్చి, ఆఖరికి పాత టీమ్‌కే అప్పజెప్పే పని ఎవరు పెట్టుకుంటారు? హక్కు వాడకపోయినా, హక్కు ఉందన్న సంగతే ధరను తొక్కేస్తుంది. యూరప్ ఫుట్‌బాల్ మరో దారి పట్టింది. 1995 బోస్‌మన్ తీర్పుతో, కాంట్రాక్ట్ ముగిసిన ఆటగాడు యూరోపియన్ యూనియన్‌లో మరో క్లబ్‌కు పోతే పాత క్లబ్ ట్రాన్స్‌ఫర్ ఫీజు అడగడానికి వీల్లేకుండా పోయింది.

అదే జెద్దాలో, కూలోడి సంగతి

వేలం జరిగిన ఆ ఊర్లోనే 2021 మార్చి దాకా తెలంగాణ కార్మికుడు కంపెనీ మారాలంటే సాధారణంగా పాత కఫీల్ ఒప్పుకోవాలి. దాన్నే మనవాళ్ళు రిలీజ్ అంటారు, తనాజుల్ అంటారు. క్రికెటర్ సంగతిలో పాత టీమ్ కనీసం కొత్త ధర కట్టి ఆపుకోవాలి. కఫీల్‌కు ఆ ఖర్చు కూడా లేదు. ఒక్క రియాల్ పెంచకుండానే ‘నహీ’ అంటే చాలు. మ్యాచింగ్ హక్కుకంటే ఇది ఎన్నో రెట్లు బరువైన తాడు.

2021 మార్చి 14 నుంచి సౌదీ నిబంధనలు మార్చింది. కాంట్రాక్ట్ ముగిస్తే యజమాని అనుమతి లేకుండా మారవచ్చు. మధ్యలో అయితే ఏడాది పని పూర్తి చేసి, 90 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఇదంతా కివా అనే ఆన్‌లైన్ వేదికలో నడుస్తుంది. ఖతర్ 2020లోనే ఎన్‌ఓసీ తీసేసింది. కానీ సౌదీ మార్పులో ఇంటి డ్రైవర్లు, ఇంటి పనివాళ్ళు, తోటమాలులు, గొర్ల కాపరులు, ఇంటి కాపలాదారులు లేరు. మన పల్లెల నుంచి పోయేవాళ్ళలో ఈ పనుల్లో ఉన్నవాళ్ళు తక్కువేమీ కాదు. 2021 మార్పు తర్వాత కూడా వాళ్ళ ఆఖరి మాట చాలావరకు కఫీల్ చేతిలోనే ఉండిపోయింది.

కాబట్టి గల్ఫ్‌కు పోయే పిల్లగానికి ఏజెంటు జీతం ఎంతో చెబితే సరిపోదు. వీసా మీద ఏ పని రాసుంది, ఆ పని కొత్త నిబంధన కిందికి వస్తదా, కాంట్రాక్ట్ కివాలో ఎక్కిందా, ఎన్నేళ్ళకు సంతకం పెడుతున్నడు, ముందే మానేస్తే ఎంత కట్టాలి, ఇవి విమానం ఎక్కకముందే అడగాలి. అర్ష్‌దీప్‌కు 2.25 కోట్లు, పంత్‌కు 6.25 కోట్లు ఎక్కువ వచ్చింది వాళ్ళ ఆట ఆ ఒక్క నిమిషంలో మెరుగుపడి కాదు. నిబంధనలో ఒక వాక్యం మారినందుకు. కార్మికుడి కాగితంలో ఆ వాక్యం ఎక్కడుందో వెతకాల్సింది సంతకం పెట్టకముందే.