బొంత ఒక్కరి పని కాదు

నర్సీపట్నం నుంచి చింతపల్లి వెళ్ళే ఘాట్‌రోడ్డులో లంబసింగి ఉంది. చలికాలం వస్తే అక్కడి మంచు చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తున్నారు. ఆ చలి కొండ దిగి మన ఊళ్ళనూ తాకుతుంది. రగ్గులు కొనుక్కునే స్తోమత లేని రోజుల్లో ఇక్కడి ఇళ్ళను కాచింది బొంతే.

బొంత కుట్టిన ఇళ్ళలో పెరిగినవాళ్ళకు ఆ వరస తెలుసు. వేసవిలో, పొలం పనులు తగ్గాక, మధ్యాహ్నం వంటావార్పూ ముగించుకుని ఆడవాళ్ళు అరుగు మీదకో చెట్టు నీడకో చేరేవారు. ఉతికి ఉతికి మెత్తబడిన నేత చీరలు కిందా పైనా. చిరిగిన పంచెలు, లుంగీలు, దుప్పటి ముక్కలు నడుమ. నలుగురు నాలుగు కొసలు పట్టి లాగితే గాని ముడతలు పోవు. ఒక్కరే పరుచుకుంటే ఇటు సర్దేలోగా అటు మడత పడుతుంది. పొరలు కదలకుండా ముందు పెద్ద పెద్ద కుట్లు వదులుగా వేసి, ఆ తర్వాత తలో అంచూ పట్టుకుని లోపలికి కుట్టుకుంటూ వస్తారు. చూపు ఆనని ముసలమ్మ పక్కనున్న పిల్లను పిలుస్తుంది: "ఓలమ్మీ, ఈ సూదిలో దారం ఎక్కించవే." ఎవరి కుట్టు దగ్గరగా పడిందో, ఎవరిది ఎడమైందో బొంత తిరగేస్తే తెలిసిపోతుంది. అయినా ఎవరూ విప్పమనరు. ఈ వారం మీ బొంత, పై వారం మా బొంత. నాట్లకూ కోతలకూ ఒకరి చేలోకి ఒకరు వెళ్ళినట్టే.

ఆ కూర్చోవడంలోనే స్నేహం కుదిరేది. కోడలి పురుడు, కూతురి సంబంధం, ఇంటాయన తాగుడు అన్నీ అక్కడే బయటికొచ్చేవి. ఎదురుగా ముఖం చూసి చెప్పలేని మాటను తల వంచుకుని, చూపు కుట్టు మీద ఉంచి చెప్పుకోవచ్చు. వినేవాళ్ళూ తల ఎత్తక్కర్లేదు. ఓదార్చడం చేతగానివాళ్ళు కూడా పక్కనే కుడుతూ ఉండిపోవచ్చు. కష్టంలో ఉన్న మనిషికి అంతకంటే పెద్ద సాయం ఉంటుందని నేననుకోను.

ఇదంతా ఎలా పోయిందో మన కళ్ళముందే ఉంది. నేత చీరల చోట పాలిస్టరు వచ్చింది. అది చెమట పీల్చదు, పొరలు పొరల మీద జారిపోతాయి. మిగిలిన పాత బట్టలు స్టీలు సామాన్లవాళ్ళ మూటల్లోకి వెళ్ళాయి. మిషను మీద బొంత కుట్టి ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. ఆ బొంతకూ వెచ్చదనం ఉంటుంది, వాళ్ళ పొట్టకూడును నేను తప్పుపట్టను. కానీ ఆ బొంత కోసం నలుగురు ఒకచోట కూర్చోనక్కర్లేదు.

మనకు సంఘాలు లేవా అంటే, ఉన్నాయి. 1982లో డ్వాక్రా పథకంగా మొదలై, తొంభైలలో నెల్లూరు సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత ఊరూరా పాకిన పొదుపు సంఘాలు తెలుగు ఆడవాళ్ళకు బ్యాంకు గుమ్మం చూపించాయి. ఆ మేలు చిన్నది కాదు. అయితే చాలా సమావేశాలు ఇప్పుడు పొదుపు, వాయిదా, తీర్మానం, సంతకంతో ముగిసిపోతున్నాయి. ఒకరి వాయిదా ఆగితే మిగతావాళ్ళ మీద భారం, దాంతో మాటలు, అలకలు. పదిమందిని కలిపింది అప్పొక్కటే అయితే విడదీసేదీ అప్పే.

చేతిపని ఉన్నంత మాత్రాన కలయిక వచ్చేయదు. పశ్చిమ గోదావరి నరసాపురంలో ఆడవాళ్ళు అల్లిన లేసు దేశదేశాలకు వెళ్ళింది. కానీ ఎవరింట్లో వాళ్ళు అల్లేవారు, దారం ఇచ్చి సరుకు తీసుకెళ్ళేది వ్యాపారులు. రోజుకు గంటలకొద్దీ అల్లినా వాళ్ళను తీరిక వేళ కాలక్షేపం చేసే గృహిణులుగానే లెక్కగట్టారని పరిశోధకురాలు మరియా మీస్ 1982లో వచ్చిన తన పుస్తకంలో వివరంగా రాశారు. విడివిడిగా కూర్చున్నవాళ్ళకు ధర అడిగే గొంతు రాలేదు.

కలిసి కూర్చున్నవాళ్ళ సంగతి వేరు. కర్ణాటక ఉత్తర కన్నడ జిల్లాలో, ఆఫ్రికా మూలాలున్న సిద్ది ఆడవాళ్ళు పాత గుడ్డ ముక్కలతో కుట్టే కవంది బొంతల కోసం 2004లో సహకార సంఘం ఏర్పడింది. అమెరికాలోని అలబామాలో, ఓటరుగా పేరు నమోదు చేసుకున్నందుకు నల్లజాతి కౌలు కుటుంబాలను భూస్వాములు ఇళ్ళనుంచి వెళ్ళగొట్టిన రోజుల్లో, అక్కడి ఆడవాళ్ళు 1966లో 'ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ' అనే బొంతల సంఘం పెట్టుకున్నారు. ఆ బొంతలు న్యూయార్క్‌లో వేలానికి వెళ్ళాయి. ఆ ప్రాంతంలోనే ఉన్న జీస్ బెండ్ ఆడవాళ్ళ బొంతలు 2006లో ఆ దేశపు తపాలా బిళ్ళల మీదికి ఎక్కాయి.

నర్సీపట్నం, గొలుగొండ, నాతవరం, మాకవరపాలెం సంఘాల అక్కచెల్లెళ్ళను అడిగేది ఒక్కటే. నెలకు ఒక సమావేశం లెక్కల పుస్తకం లేకుండా పెట్టుకోండి, సూదీ దారం తెచ్చుకోండి. మొదటి పనిగా పసిపిల్లల బొంతలు కుట్టండి. ఒక నేత చీరను నాలుగు పొరలు మడిస్తే ఒక చిన్న బొంత అవుతుంది. ఏజెన్సీ నుంచి పురుడు కోసం మన ఏరియా ఆసుపత్రికి వచ్చే తల్లులున్నారు. బిడ్డను ఎత్తుకుని తిరిగి కొండ ఎక్కేవాళ్ళకు అవి ఇవ్వచ్చు. ముందు అక్కడి నర్సమ్మలను అడగండి. చీరలు వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరబెట్టాలి, విరిగిన సూది ముక్క లోపల ఉండిపోకుండా చూసుకోవాలి. బొంత బిడ్డ కింద పరచడానికే గాని ముఖం మీద కప్పడానికి కాదని తల్లికి చెప్పాలి.

మీ బీరువా అడుగున అమ్మదో అత్తగారిదో నేత చీర ఉంటే స్టీలు గిన్నెకు ఇచ్చేయకండి. ఈ నెల సంఘానికి పట్టుకెళ్ళండి.