మీటర్ చచ్చిన బండి మనకెందుకు అంటగడుతున్నారు?



తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, పోస్టు కాస్త పెద్దదే, పూర్తిగా చదవండి.

మన ఏజెన్సీలో తిరిగే పాత బళ్ళు చూడండి. హారన్ మోగుద్ది, స్టిక్కర్లు మెరుస్తాయి, వెనక ఇద్దరు కూర్చుంటారు. మీటర్ ముల్లు మాత్రం సున్నా మీదే పడుకుని ఉంటుంది. అడిగితే "కొండల్లో మనకెందుకన్నా మీటరు, స్పీడ్ చెవికే తెలిసిపోద్ది" అంటారు. ఆ మాటే తప్పంటున్నా.

పాడేరు ఘాట్‌లోనో, మారేడుమిల్లి ఘాట్‌లోనో దిగేటప్పుడు పెట్రోల్ కలిసొస్తుందని న్యూట్రల్ చేసి వదిలేస్తారు మనోళ్ళు. అప్పుడు ఇంజన్ మోతకీ బండి వేగానికీ సంబంధమే ఉండదు. ఇంక చెవికి ఏం తెలుస్తుంది? వేగం 20 నుంచి 40కి పెరిగితే, బ్రేకు పట్టాక బండి ఆగడానికి కావాల్సిన దూరం రెట్టింపు కాదు, దాదాపు నాలుగు రెట్లు. మలుపులో అంత దూరం ఎక్కడుంది? లోయ ఉంది.

రెండోది మోసం. సంతలో కాటా దగ్గర మోసపోయిన కథలు మన తాతల నుంచి వింటున్నాం. 1956లో గిరిజన సహకార సంస్థ వచ్చింది కూడా షావుకార్ల దోపిడీకి అడ్డం పడాలనే. చింతపండు అమ్మేటప్పుడు కాటా ముల్లు చూసే మనం, బండి కొనేటప్పుడు మీటర్ ముల్లు ఎందుకు చూడం? కింద మైదానంలో అరిగిపోయిన బండిని "తక్కువే తిరిగింది తమ్ముడూ" అని మనకి అంటగడతారు. మీటర్ చచ్చిన బండి ఎంత తిరిగిందో అమ్మేవాడు కూడా చెప్పలేడు. రేటు మాత్రం గట్టిగా చెప్తాడు!

"బాగు చేయిస్తే డబ్బు దండగ" అనేవాళ్ళకి ఒక మాట. కేబుల్ మీద నడిచే పాత మీటర్‌కి మూడే చోట్ల రోగం: ముందు చక్రం దగ్గర గేరు, కేబుల్, మీటర్. కేబుల్ పై కొస విప్పి ముందు చక్రం చేత్తో తిప్పండి. లోపలి తీగ తిరిగితే తప్పు మీటర్‌ది. తిరగకపోతే తీగ తెగిందో, కింద గేరు అరిగిందో చూడండి. కేబుల్ పోతే కేబులే మార్చండి, మొత్తం మీటర్ మార్చమంటే ఒప్పుకోకండి. ముల్లు లేస్తున్నా అంకెలు తిరగకపోతే, అంకెలు తిరుగుతున్నా ముల్లు లేవకపోతే, రోగం మీటర్‌లోనే. మీటరే మార్చాల్సి వస్తే పాత రీడింగ్ ఫొటో తీసి, తేదీతో రాసి పెట్టుకోండి. కొత్తది సున్నా నుంచి మొదలవుద్ది. రేపు మన బండి ఇంకో తమ్ముడికి అమ్మేటప్పుడు అదే సున్నా చూపించి మనం మోసం చేయకూడదు కదా!

చట్టం కూడా ఇదే చెప్తోంది. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 117వది స్పీడోమీటర్ ఉండాలంటుంది.

ఇంకోటి. "ఆస్పత్రి చాలా దూరం సార్" అని అర్జీ రాస్తే ఎవరికీ పట్టదు. మన గూడెం నుంచి ఇన్ని కిలోమీటర్లు, అందులో ఇంత మట్టి దారి అని లెక్క రాస్తే సమాధానం చెప్పాల్సిందే. ఆ లెక్క కొలిచేది మన బండి మీటరే. మన దూరం మనం కొలవకపోతే వాళ్ళు రాసిందే దూరం.

ఈ వారం మీ బండి మీటర్ చూడండి. బాగు చేయించినోళ్ళు ఎంతయిందో కింద రాయండి, మిగతావాళ్ళకి రేటు తెలుస్తుంది.

జోహార్.