ఏం కాదులెండి!

ఊరెళ్ళేటప్పుడు గ్యాసు కట్టేశానో లేదోనని వీధి చివరినుంచి వెనక్కి వచ్చే రకం నేను. తాళం వేశాక నాలుగుసార్లు లాగి చూస్తాను. "ఇంకోసారి లాగితే తాళం ఊడి చేతికొస్తుంది, పదవే" అంటారు మావారు. అటువంటి నేను, పోయిన కార్తీకంలో, నా ఆరేళ్ళ మనవరాలి ఒంటిమీది లైఫ్ జాకెట్‌ని నా చేతులతో నేనే విప్పేశాను. అదీ చెరువు మధ్యలో!

ఎందుకు విప్పానంటారా? కంపు కొడుతోందని అది ఏడ్చింది. కొట్టదూ మరి? ఎన్నాళ్ళనుంచి తడిసి, ఆరక, మూల పడి ఉందో! ఏ ఊరి చెరువో, ఎవరి పడవో చెప్పను. మీరెక్కిన పడవా ఇంచుమించు అలాగే ఉండి ఉంటుంది.

వనభోజనాలకని మారేడుపల్లి నుంచి బస్సు మాట్లాడుకుని వెళ్ళాం. భోజనాలయ్యాక పడవ షికారు. ఎక్కినవాళ్ళం పద్దెనిమిది మందిమి, జాకెట్లు పదకొండు. వాటిలో క్లిప్పు పడేవి ఎన్నో ఎవరూ చూడలేదు. "వెంకటగిరి చీరమీద ఈ నారింజరంగు బొంత ఏమిటి వదినా, ఫోటోలో దిష్టిబొమ్మలా పడతాను" అని మా ఆడపడుచు తనది పక్కన పడేసింది. "ఏం కాదులెండమ్మా, పదేళ్ళబట్టీ నడుపుతున్నా" అన్నాడు పడవ నడిపే అబ్బాయి.

ఇంతలో ఎవరో "అవిగో కొంగలు!" అన్నారు. అందరం ఒక్కసారిగా లేచి అటుపక్కకే ఎగబడ్డాం. పడవ ఒరిగింది. పులిహోర డబ్బా జారింది. దాని వెనకే మా పిల్లా జారింది. పక్కింటి పిన్నిగారు పరికిణీ పట్టుకుని లాగబట్టి సరిపోయింది గానీ, లేకపోతే... ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఒడ్డుకొచ్చాక అందరూ నవ్వేసి "పోనిద్దురూ, ఏం కాలేదుగా" అన్నారు. నా పోట్లాటంతా ఆ మాటతోనే. ఇవాళ ఏం కాలేదు కనక ఎప్పటికీ ఏం కాదట! మూత పెట్టని పాలగిన్నెను ఒకరోజు పిల్లి ముట్టకపోతే, పిల్లి పాలు మానేసిందని మనం అనుకుంటామా? వంటింట్లో చూపించే తెలివి ఒడ్డు దగ్గరికి వచ్చేసరికి ఎక్కడికి పోతుందండీ?

పిల్లి వచ్చిన రోజులు లేవా? 2017 నవంబరు 12, అదీ కార్తీక మాసపు ఆదివారమే. విజయవాడ దగ్గర పవిత్ర సంగమం వద్ద షికారు పడవ తిరగబడి ఇరవై మందికి పైగా పోయారు. 2019 సెప్టెంబరు 15, మళ్ళీ ఆదివారమే. పాపికొండలు చూడబోయిన లాంచీ కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో మునిగింది. 77 మంది ఎక్కితే ఒడ్డు చేరినవాళ్ళు 26 మంది. ఆ లాంచీని పైకి తియ్యడానికే నెల దాటింది. "అది వరద గోదావరి, మాది బుల్లి చెరువు" అంటారేమో. 2024 జనవరి 18న వడోదరలో హర్ణి చెరువుకు విహారయాత్రకని వెళ్ళిన బడిపిల్లలు పన్నెండుమంది, పంతులమ్మలు ఇద్దరు తిరిగి రాలేదు. వరదా లేదు, సుడిగుండమూ లేదు. పడవలో పట్టనంతమంది ఎక్కారు. చాలామంది ఒంటిమీద జాకెట్లు లేవు. అంతే.

ఇంతకీ పడవలంటే మనకి కొత్తా? జంటనగరాల మధ్య హుస్సేన్‌సాగర్‌ని పెట్టుకుని కూర్చున్నవాళ్ళం. 1990 మార్చి 10న బుద్ధ విగ్రహాన్ని తీసుకెళ్తున్న బల్లకట్టు ఒరిగి, విగ్రహంతోపాటు మనుషులూ మునిగారు. విగ్రహాన్ని మళ్ళీ తీసి 1992 డిసెంబరులో నిలబెట్టారు. మనుషుల్ని నిలబెట్టలేకపోయారు.

అదే సాగరంలో గాలి బాగున్న రోజున తెల్లటి తెరచాపలు చూసే ఉంటారు. మిలిటరీవాళ్ళ ఈ.ఎం.ఇ. సెయిలింగ్ అసోసియేషన్ ఉంది, యాచ్ క్లబ్ ఉంది, పోటీలు జరుగుతాయి. మా పెద్ద మనవడు తెరచాప పడవ నేర్చుకుంటున్నాడు. వాడు చెప్పాడు, పడవను కావాలని తిరగేసి మళ్ళీ నిలబెట్టడం వాళ్ళకి మొదట్లోనే నేర్పుతారట. తిరగబడితే ఈదుకుంటూ పోకుండా పడవనే పట్టుకుని ఉండాలట. రెండు మరపడవలు ఎదురెదురుగా వస్తే రెండూ కుడివైపుకి తప్పుకోవాలట. ఇది 1972లో దేశాలు ఒప్పుకున్న సముద్రపు నియమం. మన సికింద్రాబాదు రోడ్లమీద ఎడమకి పొమ్మంటేనే పోయేవాడు లేడు, నీళ్ళమీద కుడికి పోవాలని ఎంతమందికి తెలుసు? అన్నిటికన్నా నాకు సిగ్గనిపించింది ఏమిటంటే, జాకెట్ లేందే వాళ్ళు పడవ దగ్గరికే రానివ్వరు. నీళ్ళలో ఆరితేరినవాళ్ళు తొడుక్కుంటారు. బావిలో చేద వెయ్యడం తప్ప నీటి సంగతి తెలియని మనం విప్పేస్తాం!

"రాసిపెట్టి ఉంటే ఎక్కడున్నా తప్పదు" అనేవాళ్ళున్నారు. మంచిదే. మరి రాత్రిపూట వీధి తలుపు గడియ ఎందుకమ్మా? నగలు బ్యాంకు లాకర్లో ఎందుకు? ఆయుష్షు దేవుడిచ్చినా క్లిప్పు పెట్టుకోవాల్సింది మనమే. "నాకు ఈతొచ్చు" అంటారు ఇంకొందరు. తడిసిన ఆరుగజాల చీర కాళ్ళకి చుట్టుకున్నాక ఈత ఎంతవరకు వస్తుందో ఆలోచించండి.

"అదంతా పడవవాడు చూసుకోవాలి, గవర్నమెంటు చూసుకోవాలి" అంటే, ముమ్మాటికీ నిజం. వాళ్ళని వదిలిపెట్టమని నేననను. 1917 నాటి పాత చట్టాన్ని తీసేసి 2021లో పార్లమెంటు లోతట్టు నీళ్ళ పడవలకు కొత్త చట్టం చేసింది. పడవ రిజిస్టరు కావాలి, తనిఖీ జరగాలి, ప్రాణరక్షణ సామగ్రి ఉండాలి అంది. కానీ ఆ చట్టం ఢిల్లీలో ఉంది. పడవ ఎక్కే మెట్టు దగ్గర ఉన్నది మీరు. అక్కడ ఆఖరి ఇన్‌స్పెక్టరు మీరే.

కష్టమైన ఉద్యోగమేం కాదు. జాకెట్లు లెక్కపెట్టండి, తలలు లెక్కపెట్టండి. తల ఒక్కటి ఎక్కువైనా ఆ పడవ మనది కాదు. క్లిప్పు పెట్టి లాగి చూడండి, తాళం లాగినట్టే. పెద్దవాళ్ళ జాకెట్ పిల్లలకి తొడిగితే నీళ్ళలో పడగానే తలమీంచి పైకి జారిపోతుంది, కొలతకి సరిపోయేది అడగండి. ఒడ్డుమీదే తొడగండి. ఒరిగే పడవ మనం క్లిప్పులు పెట్టుకునేదాకా ఆగదు. ఎక్కాక కూర్చోండి. నెత్తిన బిందె మీద బిందె పెట్టుకుని నడిచేవాళ్ళకి తెలుసు, బరువు పైకి పోయినకొద్దీ తూలుతుంది. పడవమీద నిలబడితే మనమే ఆ పైబిందె. కొంగలు అందరికీ కనబడతాయి, ఒకే పక్కకి ఎగబడనక్కరలేదు.

మగవాళ్ళు నవ్వుతారు. పడవవాడు విసుక్కుంటాడు. మా ఆడపడుచులాంటివాళ్ళు ఫోటో పాడయిందంటారు. పిల్లలు ఏడుస్తారు. ఏడవనివ్వండి. ఒడ్డుమీద ఏడ్చే పిల్లని ఇంటికి తీసుకెళ్ళి ఊరుకోబెట్టుకోవచ్చు.